సేవకుని చేతులు బరువెక్కినప్పుడు

పఠనభాగములు: 1 రాజులు 19:1–21, నిర్గమకాండము 17:8–13, ఫిలిప్పీయులకు 2:25–30



సంవత్సరాంతమున మన సంఘముల నుండి నివేదికలు వచ్చును. ఎందరు బాప్తిస్మము పొందిరి, కానుకలెంత వచ్చెను, సండే స్కూలులో పిల్లలెందరు, కొత్త గృహకూడికలు ఎక్కడెక్కడ ఆరంభమాయెను అను సంగతులన్నియు ఆ కాగితములో ఉండును. ఆ పని చేసిన మనుష్యుడు ఎట్లున్నాడని అడుగు గడి మాత్రము అందులో లేదు. ఈ ఏడాది ఆయన ఎన్నాళ్లు విశ్రమించెను? అమ్మగారి ఆరోగ్యమెట్లున్నది? పిల్లల బడి ఫీజు ఏ అప్పుతో కట్టిరి? ఇవి ఎవరును వ్రాయరు, ఎవరును అడుగరు. “అయ్యగారు దైవజనుడు, ఆయనను దేవుడే చూచుకొనును” అని మనము అనుకొందుము. దేవుడు చూచుకొనుట నిజమే. ఆయన ఎవరి చేతుల ద్వారా చూచుకొనునో ఈ పాఠములో ధ్యానింతము.

మొదట ఏలీయాను చూడుడి. పద్దెనిమిదవ అధ్యాయములో కర్మెలు పర్వతము మీద ఆయన ఒక్కడే నిలిచి గొప్ప విజయము చూచెను. పందొమ్మిదవ అధ్యాయము తెరువగానే అదే మనుష్యుడు యెజెబెలు పంపిన ఒక్క కబురుకు భయపడి పరుగెత్తుచున్నాడు. ప్రసంగీకులు ఈ చోట ఏలీయాను గద్దించుట మనము తరచుగా వినుచుందుము. వాక్యములో దేవుడు గద్దించినట్లు లేదు. అంతటి మహాకార్యము తరువాతనే మనస్సు కుప్పకూలుట సేవలో ఉన్నవారికి తెలిసిన అనుభవమే. మూడు దినముల ఉజ్జీవ కూటములు ముగిసి, మైకు సెట్టు వాని బాకీ తీర్చి, అతిథులను రైలెక్కించి ఇంటికి వచ్చిన సోమవారమునాడు ఏ పాస్టరుగారినైనను అడిగి చూడుడి.

మూడవ వచనములో ఒక చిన్న సంగతి కలదు. ఏలీయా బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి, అరణ్యములోనికి ఒంటరిగా ఒక దినప్రయాణము వెళ్లెను. మిక్కిలి అలసిన మనుష్యుడు చేయు మొదటి పని ఇదియే, తోడున్నవానిని దూరము చేసికొనుట. పిమ్మట బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసివేయమని దేవుని వేడుకొనెను. ఇట్లు వేడుకొన్నవాడు అవిశ్వాసి కాడు, ప్రవక్త. ఇశ్రాయేలును నడిపించిన మోషే కూడ భారము మోయలేక ఇటువంటి ప్రార్థనయే చేసెను (సంఖ్యాకాండము 11:14–15). ఆసియలో తమకు కలిగిన శ్రమలో బ్రదుకుమీదనే ఆశ విడిచితిమని పౌలు కొరింథీయులకు దాచక వ్రాసెను (2 కొరింథీయులకు 1:8). దైవసేవకుడు ఇట్టి మాట పలుకకూడదని బైబిలులో ఎక్కడను లేదు.

అప్పుడు దేవుడు చేసిన పనుల వరుసను గమనింపుడి. మొదట ఏలీయాను నిద్రపోనిచ్చెను. దేవదూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టెయు నీళ్లబుడ్డియు చూపెను. ఆయన తిని, త్రాగి, తిరిగి పండుకొనెను. రెండవమారు లేపి మరల పెట్టెను. ఎదుట ఉన్న ప్రయాణము అతని శక్తికి మించినదని కూడ దూత చెప్పెను. ఆ దూత ప్రసంగము చేయలేదు, ఏలీయా ప్రార్థనలోని తప్పు దిద్దలేదు. దేవుడు అతనిని ప్రశ్న అడిగినది నలువది దినముల తరువాత, హోరేబులో. ఆ ప్రశ్నకు ఏలీయా తన దుఃఖమంతయు చెప్పెను. రెండవసారి అడుగగా అదే మాట మరల చెప్పెను. దేవుడు రెండుమారులు వినెను. నేనొక్కడనే మిగిలితినను అతని తలంపును సరిచేసి, ఏడువేలమంది యున్నారని తెలిపెను. చివరకు ఎలీషా అను సహచరుని ఇచ్చెను. ఆ ఎలీషా మొదట ప్రవక్తగా కాక, ఏలీయాకు ఉపచారము చేయువానిగా వెంట నడచెనని ఇరువది ఒకటవ వచనములో ఉన్నది. నిద్ర, రొట్టె, వినెడి చెవి, ఒక తోడు. ఈ నాలుగింటిలో ఆకాశమునుండి మాత్రమే దిగిరావలసినది ఒక్కటియు లేదు. ఏ చిన్న సంఘమైనను ఇవ్వగలిగినవే.

నిర్గమకాండము పదునేడవ అధ్యాయములో అహరోను, హూరు మోషే చేతులను ఎత్తి పట్టిన సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడ తెలియును. వారు చేతులు పట్టుకొనుటకు ముందుగా ఒక రాయి తెచ్చి ఆయనను కూర్చుండబెట్టిరి. నిలువబడియున్నవానిని కూర్చుండబెట్టుట మొదటి పని. మనము సాధారణముగా ఆ రాయిని మరచి, నిలువబడియున్న సేవకుని చేతులు మాత్రము ఇంకను పైకెత్తమందుము.

ఇక బాప్టిస్టు మిషనుల చరిత్రకు వత్తము. విలియం కేరీ 1793లో ఇంగ్లాండు విడిచి బెంగాలుకు వచ్చెను. ఆ కాలమును గూర్చి ఆయన స్నేహితుడు ఆండ్రూ ఫుల్లర్ ఒక పోలిక చెప్పెడివాడు: భారతదేశము లోతు తెలియని బంగారు గని వంటిది, కేరీ అందులోనికి దిగుటకు ఒప్పుకొనెను, ఒడ్డున ఉన్నవారు త్రాడు పట్టుకొని యుండవలెను. కోలారు బంగారు గనులలో పనిచేసిన కుటుంబములవారికి ఈ పోలికను వివరింపనక్కరలేదు. 2001లో మూతబడిన ఆ గనులలో కొన్ని మూడు కిలోమీటర్లకు మించిన లోతుగలవి. కేజిలో దిగినవాని ప్రాణము, పైన ఇంజనువద్ద మెలకువగా కూర్చుండినవాని చేతిలో ఉండెడిది. ఫుల్లర్ 1792లో మిషను కార్యదర్శియై 1815లో మరణించువరకు ఆ త్రాడు విడువలేదు. ఊరూరు తిరిగి కానుకలు పోగుచేసెను, ఉత్తరములు వ్రాసెను.

అయినను ఆ త్రాడు అందరిని మోయలేదు. కేరీ భార్య డొరతీ మొదట ఈ దేశమునకు వచ్చుటకు ఒప్పుకొనలేదు. కడపటి ఘడియలో, తన చెల్లెలు తోడు రాగా బయలుదేరెను. తెలియని భాష, ఎడతెగని విరేచనముల వ్యాధి, చేతిలో డబ్బులేమి ఆమెను క్రుంగదీసెను. 1794లో ఐదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. అటుపిమ్మట ఆమె మనస్సు చెదరిపోయెను. 1807లో శ్రీరాంపూరులో మరణించువరకు ఆ వ్యాధి ఆమెను విడువలేదు. ఒక గదిలో కేరీ బైబిలు తర్జుమా చేయుచుండగా ప్రక్కగదిలో ఆయన భార్య రోగముతో కేకలు వేయుచుండెడిదని ఆ కాలపువారు తెలిపిరి. మన ప్రసంగములలో కేరీ పట్టుదలను గొప్పగా చెప్పి, డొరతీని ఆయనకు కలిగిన ఒక ఆటంకముగా ఒక్క వాక్యములో దాటివేయుదురు. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము. ఆమె కూడ ఆ గనిలోనికి దిగినదే. ఆమె చేతికి త్రాడు ఎవరును అందింపలేదు. ఆ దినములలో అట్టి వ్యాధికి తగిన వైద్యము లేదు, నేడు కలదు.

త్రాడు గట్టిగా పట్టుకొన్న సందర్భమును కూడ చెప్పవలెను. 1812 మార్చి 11వ తేదీ రాత్రి శ్రీరాంపూరు అచ్చుకూటము కాలిపోయెను. కాగితము, అచ్చక్షరములు, అనేక వ్రాతప్రతులు బూడిదయ్యెను. వాటిలో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము కూడ ఒకటి. ఆ వార్త ఓడమీద ఇంగ్లాండు చేరుటకు నెలలు పట్టెను. చేరిన తరువాత సుమారు రెండు నెలలకే, నష్టపోయిన 10,000 పౌండ్లు సంఘములు సమకూర్చిరి. కరిగిన సీసమును మరల అచ్చక్షరములుగా పోతపోసిరి. తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయ్యెను. కేరీ తట్టుకొని నిలిచెనని మనము చెప్పుకొందుము. మార్ష్‌మన్, వార్డు ప్రక్కన లేకయున్నయెడల, ఇంగ్లాండు సంఘములు కదలకయున్నయెడల, ఏబదియేండ్లు దాటిన ఆ మనుష్యుడు ఏ ధైర్యముతో మరల మొదటి పుటనుండి ఆరంభించును?

మన తెలుగు బాప్టిస్టు సంఘముల పుట్టుక కూడ రోగముల మధ్యనే జరిగినది. 1836లో వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడిన శామ్యూల్ డే గారు ఆరోగ్యము చెడి 1846లో అమెరికాకు మరలవలసివచ్చెను. 1849లో జూయెట్ దంపతులతో కలిసి తిరిగి వచ్చిరి. 1853లో మరల రోగియై శాశ్వతముగా వెళ్లిరి. ఆ 1853లోనే ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషను మూసివేయవలెనా అని చర్చ వచ్చెను. ఒంటరి నక్షత్రమను పేరు మన మిషనుకు అప్పటినుండి నిలిచినది. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద తెల్లవారకముందు ప్రార్థించినవారు ఐదుగురే. జూయెట్ గారును 1862లో ఆరోగ్యము కొరకు స్వదేశమునకు వెళ్లిరి. ఆయన విశ్రమించి, కోలుకొని, 1865లో జాన్ క్లౌ అను యువకుని వెంటబెట్టుకొని తిరిగి వచ్చిరి. వెళ్లిపోయిన మిషనెరీ పని విడిచినట్లే అని ఆనాడు లెక్కకట్టియుంటే ఒంగోలు చరిత్ర మరియొక విధముగా ఉండెడిది. పిమ్మట 1878లో జూయెట్ గారు మద్రాసు చేరి అచ్చటి తెలుగువారి మధ్య పని ఆరంభించిరని తమిళనాడులోని మన సంఘములవారు ఎరుగుదురు.

అదే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి యొద్ద, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య మనకు కంఠస్థము. ఆ పని ఎట్లు జరిగినదో అంతగా ఎవరును చెప్పరు. ఆ దినమున బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కమారు ఇద్దరు మాత్రమే నీళ్లలో నిలిచిరి. వారు అలసినప్పుడు ఒడ్డుకు వచ్చిరి, మరి ఇద్దరు దిగిరి. ఎండవేళ అందరును పని ఆపి, మధ్యాహ్నము తరువాత మరల మొదలుపెట్టిరి. క్లౌగారు తాము ఒక్కరికైనను బాప్తిస్మమియ్యక పనిని నడిపించిరి. ఇంత గొప్ప దినము ఎవరి నడుమును విరువకుండ జరుగుటకు కారణము ఈ వంతులే. వారు అంతకుముందు రెండేండ్ల కరవులో బకింగ్‌హాము కాలువ పనిలో జనులతో కలిసి శ్రమించి, వాంతిభేదుల మధ్య తిరిగినవారు. దేహము ఎంతవరకు ఓర్చునో వారికి తెలియును.

క్లౌగారి పద్ధతిలో మాకు మరింత విలువైనదిగా తోచునది మూడు నెలల కూటము. పల్లెలలో ఒంటరిగా పనిచేయు బోధకులందరు మూడు నెలలకొకసారి ఒంగోలు చేరి, కొన్ని దినములు కలిసి యుండి, తమ గ్రామములలో జరిగినది ఒకరికొకరు చెప్పుకొని, పాఠములు నేర్చుకొని, కలిసి భోజనము చేసి వెళ్లెడివారు. దానిని ఇప్పుడు మనము సగము మరచితిమి. మన అసోసియేషను కూటములలో ఎజెండా ఉండును, లెక్కలు ఉండును, ఎన్నికలుండిన ఏడాది వేడి కూడ ఉండును. ఒక సేవకుడు మరియొక సేవకుని ప్రక్కన కూర్చుండి “అన్నా, ఈ మూడు నెలలు నాకు ప్రార్థన కూడ రాలేదు” అని చెప్పుకొను సమయము ఉండదు.

వలసవచ్చిన తెలుగువారి మధ్య సేవ అనుటకు మనకు పాత మాదిరి యొకటి కలదు. చెరకు, తేయాకు తోటలలో పనికి దక్షిణాఫ్రికాలోని నాటాలుకు వెళ్లిన తెలుగువారికొరకు, తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషను సొసైటీ 1903లో జాన్ రంగయ్యగారిని పంపెను. ఆయన 1915లో మరణించువరకు ఆ పనిలోనే యుండిరి. పంపినవారు తెలుగువారు, కానుకలిచ్చినవారు తెలుగువారు, వెళ్లినవాడు తెలుగువాడు. అప్పుడు ఉత్తరము ఓడమీద వారములకొద్ది పోయెడిది. ఇప్పుడు క్షణములో ఫోను మ్రోగును. అయినను బరంపురములోనో షోలాపూరులోనో ఉన్న సేవకుడు నాటాలులో ఉన్నవానికంటె తక్కువ ఒంటరివాడని చెప్పలేము.

ఎందుకనగా మన సేవకుని భారము స్వదేశములోని పాస్టరు భారమువంటిది కాదు. తెలుగులో ప్రసంగించి, వీధిలో కన్నడములోనో మరాఠీలోనో మాటలాడి, యౌవనస్థులకు ఇంగ్లీషు కలిపి చెప్పవలెను. తెలుగు చదువరాని తరము పెరుగుచున్నది. “పాటల పుస్తకము చదువలేము” అను పిల్లలకును, “ఒక్క మాట మార్చినను ఒప్పుకొనము” అను పెద్దలకును మధ్య ఆయనే నిలువవలెను. రేషను కార్డు, ఆసుపత్రి, పోలీసు స్టేషను, సమాధి స్థలము ఏదైనను, స్థానిక భాష వచ్చినవాడని ఆయననే పిలుతురు. అర్ధరాత్రి ఫోను వచ్చును. గని మూతబడినను, మిల్లు మూతబడినను మొదట తగ్గునది సంఘ కానుకలే. సంఘములోని మగవారు తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కి రాత్రికి తిరిగివచ్చు ఊరిలో వారపు కూడికకు వచ్చువారెవరు? యానాము నుండి కాకినాడ గంట ప్రయాణమే కనుక అచ్చటి సేవకునికి పొరుగున తోటివారు దొరుకుదురు. ఇటుకబట్టీలలో పనిచేయు వలస కూలీల మధ్య తిరుగు సువార్తికునికి, ఆ బట్టీలే ఋతువు మారగానే ఖాళీయగును; ఆయన సంఘమే లేచి వెళ్లిపోవును. ఒక ఏడు బాప్తిస్మము పొందినవారిని మరుసటి ఏడు వెదకుకొనవలెను.

ఇట్టి భారము ఏండ్ల తరబడి మోసినప్పుడు ఏమగునో నేడు వైద్యులు స్పష్టముగా చెప్పుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుండి అమలుచేసిన రోగముల పట్టికలో, పనివలన మనిషి లోలోపల ఉడిగిపోవు స్థితిని చేర్చిరి. దానిని వ్యాధి అనలేదు. చాలకాలము తీరని పని ఒత్తిడివలన కలుగునదని చెప్పిరి. దాని గురుతులు మూడు: శక్తి అంతయు తోడివేసినట్లుండుట, చేయు పనిమీద మనస్సు విరిగి దూరమగుట, ఎంత చేసినను ఫలము లేదనిపించుట. బదరీవృక్షము క్రింద మూడును కనబడుచున్నవి గదా! మన ఊళ్లలో ఇది ఎట్లు కనబడునో మేము చెప్పెదము. ఎప్పుడును ఓర్పుగా మాటలాడు అయ్యగారు పరిచారకుల కూటములో ఉన్నట్టుండి కసురుకొందురు. గృహదర్శనములు తగ్గించుదురు. పాత ప్రసంగములే మరల చెప్పుదురు. రాత్రి నిద్ర పట్టదు, పగలు లేవబుద్ధి కాదు. కొందరు దీనికి విరుద్ధముగా, ఒక్క సాయంకాలము కూడ ఇంట ఉండక, కూడిక వెంట కూడిక పెట్టుకొందురు. అది కూడ ఆ లక్షణమే కావచ్చును, మనము దానిని ఉజ్జీవమనుకొందుము.

దీనికంటె ముదిరిన స్థితి, అనగా డిప్రెషను అను మానసిక వ్యాధి, వేరు. వారములకొద్ది దుఃఖము విడువకయున్నను, ఆకలి నిద్ర పోయినను, చచ్చిపోవలెనను తలంపు వచ్చినను డాక్టరుకు చూపవలెను. “అయ్యగారికి విశ్వాసము తగ్గినది”, “దురాత్మ పట్టినది” అని చెప్పి ఉపవాస కూటములో కూర్చుండబెట్టి రోజులు గడుపుట ప్రమాదము. ప్రార్థింపవద్దని మేము చెప్పుట లేదు. ప్రార్థించుచునే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తిమోతి కడుపునొప్పికిని తరచు వచ్చు బలహీనతకును పౌలు ఉపదేశముతో పాటు ఔషధము వంటి సలహా కూడ ఇచ్చెను (1 తిమోతి 5:23). బెంగుళూరులోని నిమ్‌హాన్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రులలోని మానసిక వైద్య విభాగములు ఇందుకే ఉన్నవి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్‌కు 14416 నంబరున పగలైనను రాత్రియైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగు, కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా భాషలలో అక్కడ మాటలాడుదురు. చచ్చిపోవుదునని ఎవరైనను మాట జారినయెడల ఆ మనిషిని ఒంటరిగా విడువవద్దు. అది ఊరక అన్న మాట అనుకొనవద్దు.

సంఘము చేయదగినది చెప్పుదము. డబ్బుతో ఆరంభింతము, ఎందుకనగా మనము దానిని ఆత్మీయముకాని సంగతియని చివరకు త్రోయుదుము. జీతము చిన్నదైనను మంచిదే, నెల మొదటివారములో చేరవలెను. పదిహేనవ తేదీన కోశాధికారి ఇంటిముందు నిలిచిన సేవకుని మనస్సు ఆదివారము ఎట్లు నిలుచును? ఆరోగ్య బీమా ప్రీమియమును, చిన్నదైన వృద్ధాప్య పొదుపును సంఘమే కట్టవలెను. సంఘ గృహములో ముప్పది ఏండ్లు కాపురముండి, అయ్యగారు చనిపోయిన నెలలోపే అమ్మగారు సామాను సర్దుకొనవలసివచ్చుట ఎన్నిచోట్ల జరుగుచున్నదో మన పెద్దలకు తెలియును. ధర్మశాస్త్రములో లేవీయులకు ఏబదియేండ్లకు పనిభారము తప్పించి, తోటివారికి తోడుగా మాత్రము ఉండనిచ్చిరి (సంఖ్యాకాండము 8:25–26). మనము డెబ్బదియేండ్లవానిచేత సైకిలు తొక్కించి, అది ఆయన భక్తియని పొగడుదుము. పిడికెడు బియ్యము తీసిపెట్టి మిషనును పోషించిన తల్లులు మన స్త్రీల సమాజములలో ఇంకను ఉన్నారు. ఆ లెక్కన చూచిన, అసోసియేషనులోని సంఘములు తలా కొంత వేసి ఒక నిధి కట్టుట అసాధ్యము కాదు.

వారములో ఒక దినము సేవకునికి విశ్రాంతి దినముగా సంఘములో ప్రకటించి, ఆ దినమున మరణమైతే తప్ప పిలువకూడదు. ప్రకటింపనియెడల అది జరుగదు. “ఇంటి ప్రక్కనే కదా, ఒక్క ప్రార్థన చేసి వెళ్లండి” అను మాట మన నోట ఊరకనే వచ్చును. జనసమూహము వచ్చుచు పోవుచుండి భోజనమునకు కూడ తీరికలేనప్పుడు ప్రభువే శిష్యులను ఏకాంతస్థలమునకు పిలిచెను (మార్కు 6:31). ఆ సమూహము అవసరములు తీరినవని కాదు. ఏడాదికి ఒకమారు కుటుంబముతో స్వగ్రామమునకు పోవుటకు సెలవును, రైలు ఛార్జీలును ఇచ్చి, ఆ ఆదివారములలో పొరుగు సంఘపు సేవకుడో సంఘ పెద్దయో వాక్యము చెప్పవలెను. గుండ్లకమ్మ వంతులు ఇవియే.

సేవకునికి మాటలాడుకొను మనిషి తన సంఘములో దొరకడు, దొరకకూడదు కూడ. పెద్దలతో చెప్పిన మాట ఎన్నికలలో పైకి వచ్చును. గనుక పొరుగు ఊరి వయస్సు మళ్లిన సేవకుడొకడు ప్రతి చిన్నవానికి నియమింపబడి, నెలకొకసారి ఫోను చేసి, మూడు నెలలకొకసారి ముఖాముఖిగా కలిసికొనవలెను. చెప్పిన మాట ఆయన యొద్దనే ఉండవలెను, కమిటీకి చేరకూడదు. అమ్మగారికి కూడ అట్టి స్నేహితురాలు వేరుగా ఉండవలెను. జీతము ఒకరికిచ్చి పని ఇద్దరిచేత చేయించుకొనుట మనకు అలవాటు: స్త్రీల కూడిక ఆమెదే, సండే స్కూలు ఆమెదే, వచ్చినవారందరికి కాఫీ ఆమెదే. ఆమెకు పాస్టరు ఎవరు? తన భర్తయే పాస్టరైనప్పుడు తన భర్తను గూర్చిన దుఃఖము ఎవరితో చెప్పుకొనును? ఒంటరిగా పనిచేయు బైబిలు స్త్రీల సంగతి ఇంతకంటె కష్టము. వారి క్షేమమడుగువారు లేరు, వారి ప్రయాణపు భద్రతను గూర్చి ఆలోచించువారు లేరు.

తిరిగివచ్చినవానిని గూర్చి ఒక మాట చెప్పవలెను. ఫిలిప్పీ సంఘము ఎపఫ్రొదితును పౌలు యొద్దకు పంపెను. అతడు అక్కడ చావుకు సిద్ధమగునంతగా జబ్బుపడెను. తన జబ్బు సంగతి ఇంటివారికి తెలిసినదని అతడు మరి ఎక్కువగా చింతపడెను. పంపిన పని సగములో తిరిగివచ్చుచున్నాడని ఫిలిప్పీలో ఎవరైనను గొణుగుదురని పౌలు ఎరిగియుండవచ్చును. కనుకనే అతనిని తానే పంపుచున్నానని వ్రాసి, సంతోషముతో చేర్చుకొని ఘనపరచుడని ముందుగానే ఉత్తరములో ఆజ్ఞ వ్రాసి, ఆ ఉత్తరమును అతని చేతికే ఇచ్చెను. మన మధ్య ఒడిశా కొండప్రాంతములనుండియో, ఇటుకబట్టీలనుండియో ఆరోగ్యము చెడి తిరిగివచ్చిన సువార్తికుడు ఆదివారము వెనుక వరుసలో కూర్చుండును. “పిలుపు లేకనే వెళ్లెను” అని ఎవరో అందురు. అతడు ఒక ఏడాది విశ్రమించి మరల వెళ్లవలెనా, వేరే పని చేయవలెనా అనునది వైద్యునితోను, పంపిన సంఘముతోను, అతని భార్యతోను కలిసి నిదానముగా తేల్చవలసిన సంగతి. ఆ ఏడాది అతని ఇంటి బియ్యము ఎవరు కొందురు అనునది మాత్రము మొదటి ఆదివారమే తేలవలెను.

కూడికలో చర్చించుటకు: పరిచారకులు ఈ పాఠమును తమ సేవకుడు లేనప్పుడు ఒకమారు, ఆయనయు అమ్మగారును ఉన్నప్పుడు ఒకమారు చదువవలెనని కోరుచున్నాము. మన సేవకుడు ఈ ఏడాది ఎన్ని దినములు పూర్తిగా విశ్రమించెను? ఆయన జీతము ఎన్ని నెలలు ఆలస్యమాయెను, కారణమేమి? అమ్మగారు చేయు పనుల పట్టిక వ్రాసిన, వాటిలో ఎన్నింటిని మనము పంచుకొనగలము? ఏలీయాకు దేవుడు ఇచ్చిన నాలుగింటిలో మన సంఘము ఇప్పటికే ఇచ్చుచున్నదేది? మన సంఘమునుండి సేవకు వెళ్లి తిరిగివచ్చినవారు ఎవరైనను ఉన్నారా, ఈ నెల వారి ఇంటికి ఎవరు వెళ్లుదురు? వచ్చే సంవత్సర నివేదికలో సేవకుని క్షేమమును గూర్చిన గడి చేర్చుటకు మీ సంఘము ఒప్పుకొనినయెడల, ఆ తీర్మానమును అసోసియేషను కార్యదర్శికి పంపుడి.